రెండు కాగితాల మేడమ్

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మా మేడమ్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఆవిడ గురించి మంచి మాత్రమే రాసి చూపిస్తే, కళ్లజోడు ముక్కు చివరికి లాక్కుని, "ఇది మనిషి గురించి రాశావా, గోడమీద పటం గురించి రాశావా?" అని కాగితం నా ఒళ్లోకి తోసేసేవారు. అంచేత ఉన్నది ఉన్నట్టే రాస్తాను. ఆవిడ పోయారని మొన్న మంగళవారం మయూర్ విహార్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ సమయానికి నేను నోయిడాలో నా గదిలో ఒక తల్లితో మాట్లాడుతున్నాను. ఫోన్ పెట్టేసి, ఆ తల్లి చెప్పేది చివరిదాకా విని, ఆమెను గుమ్మందాకా సాగనంపి, అప్పుడు ఏడ్చాను. ఆ వరస కూడా మేడమ్ నేర్పిందే.

ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు. ఒక మనిషి స్వభావం ఎలాంటిది, అది ఇంకా స్వభావమేనా, లేక జబ్బు అనాల్సినంత దూరం వెళ్లిందా అని తేల్చి రాసి ఇవ్వడం ఆవిడ పని. మయూర్ విహార్‌లో సర్కారు కట్టిన ఫ్లాట్లలో కింది వాటా. ముందు గదిలో వచ్చినవాళ్లు, వెనక గదిలో ఆవిడ, రెండింటి మధ్య నడవాలో ఒక చిన్న బల్ల ముందు నేను. నల్లగొండ నుంచి చదువు ముగించుకుని పని నేర్చుకోవడానికి ఆవిడ దగ్గర చేరాను. ఆవిడది గోదావరి పక్క. నలభై ఏళ్లు ఢిల్లీలో ఉన్నా నోట్లోంచి గోదావరి పోలేదు. హిందీ కూడా దీర్ఘాలు తీసి, వెటకారం కలిపి మాట్లాడేవారు. కూరగాయల బండివాళ్లకు అది అర్థమయ్యేది కాదు గానీ, ఏదో తిట్టు పడిందని మాత్రం తెలిసేది.

గుమ్మం బయట చెప్పులు వంకరగా ఉంటే ఆవిడకు ఊపిరాడేది కాదు. ఎదురుగా మనిషి కళ్లు తుడుచుకుంటున్నా సరే, "ఒక్క నిమిషం బాబూ" అని లేచి వెళ్లి, అందరి చెప్పులూ జతలు జతలుగా గోడవారన పెట్టి వచ్చి కూర్చునేవారు. "ఆ, మీ అన్నయ్య తలుపేసుకున్నాడు. తర్వాత?" అని ఆగినచోటే అందుకునేవారు. మొదట్లో నాకు తల కొట్టేసినట్టుండేది. తర్వాత తర్వాత చూస్తే, ఆవిడ లేచి వెళ్లొచ్చిన ఆ నిమిషంలో ఎదుటి మనిషి కాస్త కుదుటపడేవాడు. ఇది ఆవిడ తెలిసి చేసేవారా అంటే, కాదు. చెప్పుల కోసమే వెళ్లేవారు.

పెన్సిలు బ్లేడుతోనే చెక్కాలి. టీ చల్లారాకే తాగాలి. ఎవరైనా "కేసు" అంటే, "ఆయనకో పేరుంది, అమ్మానాన్నా కష్టపడి పెట్టారు" అనేవారు. ఆవిడ దగ్గర నాకంటే ముందు పనిచేసిన నలుగురూ ఏడాది తిరక్కుండా పారిపోయారని నాకు చేరిన వారానికే తెలిసింది. నేనెందుకు ఉండిపోయానంటే, ఆ రెండు కాగితాల వల్ల.

మొదటి కాగితం మీద ఐదు అడ్డగీతలుండేవి. కంగారు ఒక గీత. నలుగురిలో కలవడం ఒకటి. కొత్తదాన్ని ఇష్టపడటం, ఎదుటివాళ్లతో మెత్తగా ఉండటం, పద్ధతి పాటించడం మిగతా మూడూ. లోకంలో పుట్టిన ప్రతివాడూ ఆ గీతల మీద ఎక్కడో ఒకచోట ఉంటాడు.

"జబ్బున్నవాళ్లకి వేరే గీతలేవీ లేవమ్మా" అనేవారు మేడమ్. "మనం నిలబడ్డ గీతే. వాళ్లు కాస్త చివర్న నిలబడ్డారు. చివర్న నిలబడ్డంత మాత్రాన పడిపోయినట్టా?"

పడిపోయారా లేదా అన్నది రెండో కాగితం. అందులో గీతలుండవు, మూడు ప్రశ్నలుంటాయి. ఈ స్వభావం వల్ల ఏమేం ఆగిపోయాయి? ఎవరికి నొప్పి? ఆపుకోవాలనుకుంటే ఆపుకోగలడా? ఈ రెండు కాగితాలూ ఒకే రోజు చెయ్యకూడదు. నాలుగు రోజులైనా ఎడముండాలి. "అంట్ల గిన్నెలూ కడిగిన గిన్నెలూ ఒకే బుట్టలో పడేస్తావా? ఒకదాని మసి ఇంకోదానికి అంటదూ?" అనేవారు. ఇంకోటి, మనిషిని పంపినవాళ్లు రాసిన ఉత్తరం మొదటి కాగితం అయ్యేదాకా విప్పకూడదు. చాడీ ముందు విని మనిషిని తర్వాత చూస్తే చాడీయే కనబడుతుందని ఆవిడ మాట. ఉత్తరాలన్నీ సొరుగులో బోర్లా పడి ఉండేవి.

ఓల్డ్ రాజిందర్ నగర్ నుంచి పిల్లలు వచ్చేవారు. సివిల్స్ చదివే మనవాళ్లు. కిటికీ లేని గదుల్లో మూడేళ్లు, నాలుగేళ్లు. ఒకసారి ఒక కుర్రాడి జవాబులు చూసి నేను బెదిరిపోయాను. స్నేహితుల్లేరు, పండగలు వద్దు, ఎవరితోనూ మాట్లాడాలని లేదు, నిమిషాల లెక్కన దినచర్య. మేడమ్ ఆ కాగితం చూసి, "ఇవే ప్రశ్నలు ఆ వీధి మొగలో నిలబడి పంచిపెట్టు. సాయంత్రానికి ఆసుపత్రి కట్టించాలి" అన్నారు. తర్వాత ఆ కుర్రాడిని పిలిచి, ఈ చదువుకు రాకముందు నువ్వెలా ఉండేవాడివి అని రెండు గంటలు అడిగారు. వాళ్ల కాలేజీలో నాటకాలు వేయించింది వాడేనట. నేను తల దించుకున్నాను.

ఆవిడ పుట్టినరోజుకు కేకూ లేదు, గుళ్లో అర్చనా లేదు. ఆ రోజు తనను ఎరిగినవాళ్లు ఎవరో ఒకరి చేత తన గురించి ఆ రెండు కాగితాలూ నింపించుకునేవారు. మొదటిది ఆ రోజే, రెండోది మళ్లీ వారానికి. నేను చేరిన ఏడాది ఆ వంతు మా బిల్డింగు కింద ఇస్త్రీ చేసే భయ్యాకి వచ్చింది. ఆయనకు చదువు రాదు కాబట్టి నేను ప్రశ్న అడగడం, ఆయన చెప్పడం, మేడమ్ పక్కనే కుర్చీలో కూర్చుని వినడం. ఆయన మొదట నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. దాంతో ఆయన కూడా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆలోచించి చెప్పాడు. "ఆంటీజీ గుస్సా బహుత్ కర్తీ హై. ఒక్క మడత తేడా వచ్చినా చీర మళ్లీ చేయిస్తుంది. ఎండలో నిలబడి మరీ చేయిస్తుంది. లేకిన్ ఝూఠ్ నహీ బోల్తీ."

కోపం ఎక్కువ, అబద్ధం మాత్రం ఆడదు. ఆ లెక్కన గుర్తులు పెట్టుకుంటూ వెళితే, పద్ధతి గీత మీద మేడమ్ గుర్తు ఇంకాస్తయితే కాగితం దాటిపోయేలా ఉంది. మెత్తదనం గీత మీద మొదట్లోనే ఉంది. చూపించడానికి భయపడ్డాను. ఆవిడ కాగితం తీసుకుని చాలాసేపు చూశారు. "ఇక్కడ నిలబడి నేను ఇంకొకళ్లకి జబ్బు పేరు పెట్టాలి చూడు. అందుకే చెయ్యి వణకాలి" అన్నారు. పెద్ద పెద్ద ప్రొఫెసర్ల దగ్గర చదువుకున్నాను నేను. తన కొలబద్ద కింద తానే వెళ్లి నిలబడ్డ మనిషిని మాత్రం అంతవరకూ చూడలేదు.

ఇక అసలు సంగతి. ఇందులో ఊరూ ఆఫీసూ కొంచెం మార్చి చెబుతున్నాను. ఆ పెద్దమనిషి చదివితే ఎక్కడెక్కడ మార్చానో పట్టేస్తారు, అది వేరే విషయం.

ఆయన అనంతపురం వైపు మనిషి. ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో యంత్ర భాగాలను పరీక్షించి, బాగున్నాయని సంతకం పెట్టే ఉద్యోగం. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. ఈయన ఉద్యోగానికి పనికొస్తాడా, స్వభావంలో జబ్బేమైనా ఉందా తేల్చమని ఆఫీసువాళ్లు పంపారు. జబ్బని రాస్తే ప్రొబేషన్ అక్కడితో ఆగిపోతుంది, ఆయన ఇంటికి పోవాలి. జనక్‌పురిలో అద్దె ఇల్లు, భార్య, రెండో తరగతి చదివే పాప.

సరిగ్గా అప్పుడే మేడమ్ కంటి ఆపరేషన్ చేయించుకుని వారం రోజులు మంచం మీద ఉన్నారు. ఆఫీసు నుంచి రోజూ ఫోన్లు. నాకేమో నేనొక్కదాన్నే చేసి చూపించాలని దురద. సొరుగులో ఉత్తరం తీసి ముందే చదివేశాను. సంతకం పెట్టడు, పెట్టేవాటిలో తప్పులు వెతుకుతాడు, తోటివాళ్ల తప్పులు నోట్ రాసి పైకి పంపుతాడు, టీకి రాడు, ఒక్కడే తింటాడు, నమస్కారానికి నమస్కారం పెట్టడు. ఆ మర్నాడు ఆయన వచ్చారు. ప్రతి ప్రశ్నకూ "ఎప్పటి సంగతి అడుగుతున్నారు? ఇంట్లోనా, ఆఫీసులోనా?" అని ఎదురడిగారు. నాకు ఒళ్లు మండింది. ఒకే మధ్యాహ్నం రెండు కాగితాలూ ముగించి, స్వభావం జబ్బు స్థాయికి చేరిందని రిపోర్టు రాసిపెట్టాను. ఇంకా చెప్పాలంటే, బాగా రాశాననుకున్నాను కూడా.

మేడమ్ నల్ల కళ్లజోడుతో వచ్చి కూర్చుని, నాచేత చదివించుకున్నారు.

"మొదటి కాగితం ఏ రోజు చేశావు?"

"బుధవారం, మేడమ్."

"రెండోది?"

"అదీ ఆ రోజే, మేడమ్."

"ఉత్తరం?"

"ముందే చదివిన మేడమ్."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. నా రిపోర్టును నిలువునా చింపి, ఆ ముక్కలు కూడా అంచులు కలిపి దొంతిగా పెట్టి చెత్తబుట్టలో వేశారు. ఆఫీసు పెద్ద ఫోన్ చేసి సోమవారానికల్లా కావాలంటే, "సార్, మీ యంత్రం ముక్కకి ఒక్కరోజులో సంతకం పెట్టమంటే పెడతారా? పెట్టనందుకేగా ఆయన్ని నా దగ్గరికి పంపించారు?" అని హిందీలో అడిగి పెట్టేశారు. తర్వాత మొదటి కాగితం మళ్లీ మొదటినుంచి తనే చేశారు. ఆయన ఎదురు ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. ఇద్దరూ ఒక్కో ప్రశ్న మీద పావుగంట కూర్చుంటే, సంబంధం మాట్లాడుకునే వియ్యంకుల్లా ఉన్నారనిపించింది నాకు. ఆయన వెనక్కి తిప్పిపంపిన భాగాల్లో మంచివేమైనా ఉన్నాయా అని ఆఫీసుకు రాసి అడిగారు. ఒక్కటీ లేదని వాళ్లే ఒప్పుకున్నారు.

ఐదు రోజుల తర్వాత రెండో కాగితం కోసం జనక్‌పురి వెళ్లాం. పేషంటు ఇంటికి వెళ్లడం మేడమ్‌కి అలవాటే. ఆయన భార్య బొరుగుల ఉగ్గాని పెట్టింది, తిన్నాం. ఆమె కొంగు సర్దుకుంటూ, "ఆయన మంచోడే మేడమ్. అంతా సరిగ్గా ఉండాల అంటాడు, అంతే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా" అంది.

"పోనక్కర్లేదమ్మా. కాస్త పక్కకి జరిగితే చాలు" అన్నారు మేడమ్.

ఆ మాటకు ఆమె లేచి లోపలికెళ్లి పాప నోటుబుక్కు తెచ్చింది. పేజీ పేజీకీ చిల్లులు. రాసి, చెరిపి, మళ్లీ రాసి, చెరిపి, కాగితం అరిగిపోయి పడిన చిల్లులు. పాప తలుపు పక్కన నిలబడి మావైపే చూస్తోంది.

"ఇదేంటి బంగారం, చిల్లు?" అడిగారు మేడమ్.

పాపకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో. "పాపా కో పసంద్ నహీ ఆయా." నాన్నకి నచ్చలేదు.

"బళ్లో పెన్సిలు పట్టుకునేది మానేసింది మేడమ్" అంది తల్లి. "ఏమీ రాయదు. టీచర్ రెండుసార్లు పిలిపించింది."

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. మేడమ్ ఆయనవైపు తిరిగారు. "పాప ఏడుస్తుంటే మీరు ఆపుకోగలరా?"

వేరే ఎవరైనా అయితే వెంటనే ఏదో ఒకటి చెప్పేసేవారు. ఆయన చాలాసేపు ఆలోచించారు. "లేను మేడమ్. చూసినాను. మూడుసార్లు గది బయటికి పోయినాను. మూడుసార్లూ తిరిగొచ్చి రబ్బరు చేతికిచ్చినాను."

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో నేను ఉండబట్టలేకపోయాను. "అంటే మేడమ్, నేను రాసిందే కరెక్టయింది కద?"

"గుడ్డెద్దు చేలో పడింది. దానికి దారి తెలుసని చెప్పకు" అన్నారు. "నువ్వు ఆఫీసు టీ దగ్గర జబ్బు చూశావు. అక్కడేమీ లేదు. అక్కడ ఆయన స్వభావమూ ఆయన పనీ గిన్నె మీద మూతలా సరిపోయాయి. నొప్పి ఉన్నదల్లా ఆ పాప చేతిలో. నీ రిపోర్టు వెళ్లుంటే ఆయనకి ఉద్యోగం పోయేది, ఇరవైనాలుగ్గంటలూ ఇంట్లోనే ఉండేవాడు, ఆ నోటుబుక్కు ముందు."

రెండు స్టేషన్లు దాటాక, "మరి ఆఫీసుకేం రాస్తం?" అన్నాను.

"వాళ్లేమడిగారు?"

"ఉద్యోగానికి పనికొస్తడా అని."

"పనికొస్తాడు. అదే రాస్తాం. ఇల్లు ఆయనది. ఇంటి సంగతికి ప్రతి గురువారం మన దగ్గరికి వస్తాడు. వస్తానన్నాడుగా."

ఏ రిపోర్టయినా పంపేముందు ఆ మనిషికే చదివి వినిపించి, విన్నానని సంతకం తీసుకోవడం మేడమ్ దగ్గర కట్టుబాటు. ఆ సంతకం లేనిదే కవరు గుమ్మం దాటేది కాదు. ఆ శుక్రవారం ఆయన వచ్చారు. ఇంగ్లీషులో రాసిందాన్ని మేడమ్ తెలుగులో చెప్పుకుంటూ పోయారు. పద్ధతి బాగా ఎక్కువ, మెత్తదనం తక్కువ, ఈ ఉద్యోగానికి అది అడ్డు కాదు, కొనసాగించవచ్చు. ఆయన అంతా విని, "ఒకటి విడిచిపెట్టినారు మేడమ్" అన్నారు.

"ఏది?"

"ఇంట్లో సంగతి. మీరడిగినారు, నేను చెప్పినాను. అది లేకుండా రిపోర్టు పూర్తి కాదు."

నోర్మూసుకోవయ్యా మహానుభావా అని అరవాలనిపించింది.

"అది రాస్తే వాళ్లు మిమ్మల్ని ఉంచరు. తెలుసుగా?" అన్నారు మేడమ్.

"తెలుసు మేడమ్."

"వాళ్లది అడగలేదు. చెప్పాల్సిన పని మనకి లేదు."

"నిజమే మేడమ్. కానీ పూర్తి కాని కాగితం మీద నేను సంతకం పెట్టలేను. ఇంతవరకూ పెట్టలేదు."

ఆయన మొండితనం కాదది. మొహం చూస్తేనే తెలుస్తోంది, పెట్టాలని ఉంది, చెయ్యి లేవడం లేదు. ఉద్యోగం పోగొట్టుకోవడానికి ఎవరూ అలా చెమటలు పట్టి కూర్చోరు.

మేడమ్ కలం ఆయన ముందుకు జరిపారు. "ఇందులో అబద్ధమేమైనా ఉందా?"

"లేదు."

"తక్కువుంది. అంతే కదా?"

"అంతే."

"తక్కువున్నదాన్ని అలాగే వదిలెయ్యండి. రేపు సాయంత్రం మీ పాప ఒక అక్షరం వంకరగా రాస్తుంది. దాన్ని వదలాలంటే ఇవాళ ఇక్కడ దీన్ని వదలాలి. మొదటి గురువారం ఇదే అనుకోండి, శుక్రవారమైనా సరే."

ఆయన కాగితాన్ని మొదటినుంచి మళ్లీ చదివారు. కలం తీశారు, పెట్టారు. బయట ఎవరో సైకిల్ మీద దుప్పట్లు అమ్ముకుంటూ అరుచుకుంటూ వెళ్లారు, ఆ అరుపు వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ ఈ చివరికి వచ్చింది. అప్పుడు ఆయన సంతకం పెట్టారు. లేచారు. గుమ్మందాకా వెళ్లి, వెనక్కి వచ్చి, కాగితం మీద చెయ్యి పెట్టారు. మేడమ్ కదల్లేదు. ఆయన చెయ్యి తీసేసి, ఈసారి వెళ్లిపోయారు.

ఉద్యోగం నిలిచింది. గురువారాలు రెండేళ్లు నడిచాయి. పాప పెన్సిలు పట్టుకోవడానికి ఆర్నెల్లు పట్టింది, మధ్యలో ఎన్నోసార్లు ఆయన ఓడిపోయి వచ్చి కూర్చున్నారు. నాకు మాత్రం అన్నిటికంటే ఆయన గుమ్మం దాటిన తర్వాతి నిమిషమే ఎక్కువ గుర్తు.

నేను సంతోషం పట్టలేక మేడమ్ వైపు తిరిగాను. ఆవిడ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఉన్నారు. కళ్లు ఆ కాగితం మీదే ఉన్నాయి.

"ఆ ఇంటి సంగతి వాక్యం నేనూ రాశానమ్మా" అన్నారు. "రాసి కొట్టేశాను. మూడు రోజులైంది. ఇప్పటికీ చెయ్యి అటే పోతోంది."

ఆవిడ కళ్లు మూసుకున్నారు.

"కవర్లో పెట్టి అంటించెయ్యి. తొందరగా. నేనడిగినా సరే, నా చేతికివ్వకు."